చెట్టు మందు చల్లనిదేనా?

వయసు దాచుకోవాలని నాకెన్నడూ లేదు. పాఠం చెప్పే పంతులమ్మకు నాలుగు నెరసిన వెంట్రుకలు కాస్త గౌరవం తెచ్చిపెడతాయనే నా నమ్మకం. అయితే ఈ ఏడు సంక్రాంతి సెలవుల తరువాత మొదటిరోజు క్లాసులో అడుగు పెట్టగానే, ముందు బెంచీ అమ్మాయి లేచి, "మేడం, ఒంట్లో బాగాలేదా?" అని ఎంతో జాలిగా అడిగింది. నాకు ఒంట్లో నిక్షేపంలా వుంది. ఆ మాటే చెప్పి పాఠం మొదలుపెట్టాను గాని, సాయంత్రం ఇంటికి రాగానే అద్దం ముందు నిలబడ్డాను. రెండు బుగ్గల మీదా మంగు. కళ్ళ చివర గీతలు. ఉండేది పలాసలో, ఉద్యోగం టెక్కలిలో. ఇరవై ఏళ్ళుగా బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెళ్ళివస్తున్నందుకు సూర్యభగవానుడు ఇచ్చిన సర్టిఫికెట్లన్నమాట అవి!

ఈ సంగతి ఫోనులో నవ్వులాటగా మా మేనకోడలితో అన్నాను. అది హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నది. "అత్తా, దీనికింత దిగులెందుకు? రెటినాల్ రాసుకో" అని వారం తిరక్కుండా ఓ చిన్న సీసా పంపించింది. రెటినాల్ అంటే మరేమీ కాదు, ఎ విటమినులో ఒక రూపం. చర్మంలోకి వెళ్ళాక అది రెటినోయిక్ ఆమ్లంగా మారి, పాతబడిన పై పొరను త్వరగా రాల్చి, కొత్త కణాలను పైకి తెస్తుంది. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే పదార్థాన్ని పెంచుతుంది. ముడతలకూ మచ్చలకూ పనిచేసే మందుగా దీనికి మంచి పేరే వుంది. కాని మొదట్లో వారానికి రెండు రాత్రులు, అదీ బఠాణీ గింజంత మాత్రమే రాసుకోవాలట. అట్టపెట్టె మీద అంత చిన్న అక్షరాలు చదవడానికి నా కళ్ళజోడు అందుబాటులో లేకపోయింది. రొట్టెకు వెన్న రాసినట్టు రోజూ రాశాను.

అసలే నాది పడని చర్మం. సబ్బు మారిస్తే దద్దుర్లు, వెండి పట్టీలు పెడితే దురద. ఆరో రోజుకు ముఖం ఎర్రగా కందిపోయి పొట్టు లేచింది. మంచినీళ్ళు తగిలినా మంటే. ముందు బెంచీ అమ్మాయి ఈసారి ఏమీ అడగలేదు గాని, ఆ చూపు అడగడం కంటే ఎక్కువగా వుంది.

మా వెనక వీధిలో ఒకావిడ వుంది. నేను అప్పా అని పిలుస్తాను. ఆమెది ఉద్దానంలో సముద్రం ఒడ్డున వజ్రపుకొత్తూరు వైపు పల్లె. కొద్దిపాటి జీడితోట వుండేది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లూ జీడిచెట్లూ వేళ్ళతో సహా కూలిపోయాయి గదా, అందులో వీళ్ళ తోట కూడా పోయింది. చెట్లు పోయాక కాశీబుగ్గ వచ్చి, జీడిపిక్కలు కొట్టే పనిలో చేరింది. సొంత పిక్కలు అమ్ముకున్న చేతులతోనే పరాయి పిక్కలు కొడుతున్నది. ఆవిడ ఆ పూట నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటి పంతులమ్మ గోరూ, మొకమలా కందిపోనాది? జీడి గాని పడినాదేటి?"

"జీడి కాదప్పా, క్రీము."

"కిరీమా! డబ్బులెట్టి కొన్నారా?" అని కాసేపు నన్నే చూసి, తన రెండు చేతులూ చాపింది. "మీరు డబ్బులిచ్చి కాల్చుకున్నారు, మాకు డబ్బులిచ్చి కాలుత్తన్నారు. అంతే తేడా."

ఆ చేతులు నేను రోజూ చూసేవే. కాని చూడటం వేరు, చూడటం వేరు. అరచేతుల్లో చర్మం నల్లబడి, పెచ్చులు లేచి, వేళ్ళ కొసలు గీతలన్నీ అరిగి నున్నగా వున్నాయి. ఆధార్ వేలిముద్ర పడక రెండుసార్లు తిప్పి పంపారట.

జీడిపప్పు పాయసంలో వేసుకునే మనలో చాలామందికి ఆ పప్పు ఎక్కడ వుంటుందో తెలియదు. పైపెంకుకూ లోపెంకుకూ నడుమ తేనెపట్టులాంటి గదుల్లో చిక్కని నూనె వుంటుంది. అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనేవి అందులోని పదార్థాలు. ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. పిక్కలను ఆవిరిలో ఉడికించి, ఆరబెట్టి, ఒక్కొక్కటే కోతమిషను కింద పెట్టి చీల్చి, సూదిమొనతో పప్పును చెదరకుండా తీయాలి. చేతికి ఎంత నూనె పూసుకున్నా, ఎంత బూడిద అద్దుకున్నా రసం తగలక మానదు.

జీడి అన్న మాట కూడా ఇక్కడ గమనించదగ్గది. మనకు మొదటినుంచీ వున్నది నల్లజీడి. చాకళ్ళు బట్టల మీద గుర్తు పెట్టేవారే, ఆ గింజ. సంస్కృతంలో భల్లాతకం. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి ఈ కొత్త చెట్టును మన దేశానికి తెచ్చారు. దీనికీ అలాటి రసమే వుండటం వల్ల మన వాళ్ళు జీడిమామిడి అన్నారు. మామిడి అనడమూ తప్పు కాదు. మామిడి, నల్లజీడి, జీడిమామిడి మూడూ ఒక్క కుటుంబం చెట్లే. పచ్చి మామిడికాయ సొన పెదవికి తగిలి పుండు పడిన చిన్నతనం ఎవరికి లేదు?

ఇక నా కథలోకి వస్తాను. రెటినాల్ మానేశాను. కొబ్బరినూనె తప్ప మరొకటి తాకనివ్వకుండా పదిహేను రోజులు గడిపాక ముఖం ముఖంలా అయింది. మేనకోడలు నొచ్చుకుని, "అత్తా, నీలాటి చర్మానికి చెట్టు నుంచి తీసిన మందు ఒకటి వుంది. మంట వుండదు. బకుచియోల్ అంటారు" అన్నది.

ఆ పేరు వినగానే నాలోని తెలుగు ఎం.ఏ. నిద్ర లేచింది. బకుచియోల్ ఏమిటమ్మా, అది మన బాకుచి! అమరకోశంలో వనౌషధి వర్గంలో సోమరాజి, కృష్ణఫల అని పర్యాయపదాలు చెప్పిన బాకుచి. మన తెలుగులో బావంచాలు. బొల్లి మచ్చలకు ఆయుర్వేదంలో తరతరాలుగా వాడుతున్న గింజ. "దీనికి వందలు పోసి సీసా కొనాలా? నీకు తెలియదు, ఊరుకో" అని మేనకోడల్ని మందలించి, మర్నాడే మూలికల దుకాణంలో బావంచాలు కొన్నాను. నల్లగా, చిన్నగా, ఘాటైన వాసనతో వున్నాయి. నూరి కొబ్బరినూనెలో కలిపాను. రెటినాల్ నేర్పిన బుద్ధి కొంచెం మిగిలి వుండబట్టి ముఖానికి పూయక, ముందు ముంజేతికి రూపాయి బిళ్ళంత మేర పూసుకుని, ఎప్పటిలా కిటికీ పక్క సీటులో టెక్కలి బస్సెక్కాను.

ఆ రోజు ఏమీ కాలేదు. మర్నాడూ ఏమంతగా కాలేదు. అమరసింహుణ్ణి మెచ్చుకున్నాను. మూడోనాడు పొద్దుటికి ఆ రూపాయి బిళ్ళ ఎర్రబడి, పొంగి, బొబ్బ కట్టింది. అదే ముఖానికి పూసి వుంటేనో! బొబ్బ తగ్గినా మచ్చ నాలుగు నెలలు నల్లగా నిలిచింది. ఇప్పటికీ చీర కొంగు జరిగితే కనబడుతుంది.

జరిగిందేమిటో తరువాత పుస్తకాలు తిరగవేసి, చర్మవైద్యులను అడిగి తెలుసుకున్నాను. బావంచాలలో బకుచియోల్ ఒక్కటే లేదు. సోరలెన్ అనే మరో పదార్థం కూడా వుంది. ఆ మాట పుట్టిందే ఈ మొక్క శాస్త్రీయ నామం సోరాలియా నుంచి. సోరలెన్ ఒంటి మీద వుండగా ఎండ తగిలితే, ఎండలోని అతినీలలోహిత కిరణాలతో కలిసి చర్మాన్ని కాలుస్తుంది, నల్లబరుస్తుంది. బొల్లికి ఇది మందు అయిందీ ఆ నల్లబరిచే గుణం వల్లనే. నేటి వైద్యులు కూడా సోరలెన్ ఇచ్చి, లెక్క ప్రకారం అతినీలలోహిత కిరణాలు పట్టించి బొల్లికీ సోరియాసిస్‌కూ చికిత్స చేస్తారు. లెక్క ప్రకారం అన్నమాట మరవకండి. నేను చేసింది మంగు మచ్చలు పోవాలని, మచ్చలు తెప్పించే మందు నూరుకోవడం!

నా చేయి చూసి అప్ప నవ్వలేదు. "సెట్టుదని రాసేసుకున్నారా? జీడి మాత్రం సెట్టుది కాదేటి పంతులమ్మ గోరూ!" అన్నది.

ఇన్నేళ్ళుగా నేను చెప్పిన అర్థాలంకారాలలో ఇంత సూటి మాట లేదు. చెట్టు నుంచి వచ్చింది కనుక చల్లనిది, మందుల షాపు నుంచి వచ్చింది కనుక ఘాటైనది అనే లెక్క ఎక్కడిది? జీడిరసం చెట్టుదే. ఉమ్మెత్త చెట్టుదే. పేరు కలిసినంత మాత్రాన గుణం కలవదని కూడా అప్పుడే నేర్చుకున్నాను. బావంచాల నూనె వేరు, బకుచియోల్ వేరు. గానుగాడిన చెరుకురసానికీ పంచదారకూ వున్నంత తేడా వుంది.

ఈ బకుచియోల్‌కు కూడా మన దేశంలోనే నామకరణం జరిగిందంటే మీకు సంతోషం కలుగుతుంది. 1966లో పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలకు చెందిన గోవర్ధన్ మెహతా, నాయక్, సుఖదేవ్‌లు బాకుచి గింజల నుంచి తీసిన ఈ పదార్థం నిర్మాణాన్ని వివరించి, మొక్క పేరే దానికి పెట్టారు. ఆ మెహతాగారే తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులైనారు. చిత్రమేమంటే రూపంలో బకుచియోల్‌కూ రెటినాల్‌కూ పోలికే లేదు. అయినా చర్మంలో దాని పనులు చాలావరకు ఇదీ చేస్తుంది. వేరే ఊరి మనిషి వచ్చి మన ఇంటి వంట చేసిపెట్టినట్టు.

2019లో బ్రిటిషు చర్మవైద్య పత్రికలో ఒక పరీక్ష ఫలితం వచ్చింది. 44 మందిని రెండు జట్లు చేసి, 12 వారాలపాటు ఒక జట్టుకు 0.5 శాతం బకుచియోల్ రోజుకు రెండుసార్లు, రెండో జట్టుకు 0.5 శాతం రెటినాల్ రోజుకు ఒకసారి రాయించారు. ముడతలూ మచ్చలూ రెండు జట్లలోనూ తగ్గాయి. తేడా చెప్పుకోదగ్గంతగా లేదు. పొట్టు లేవడం, చురుకుమనడం మాత్రం రెటినాల్ జట్టులోనే ఎక్కువ. ఇది నాబోటి పడని చర్మం వాళ్ళకు మంచి కబురే. అయితే 44 మంది అంటే మా కాలేజీలో ఒక సెక్షనులో సగం. అంత చిన్న పరీక్షతో చాటింపు వేయడానికి లేదు. ఎ విటమిను మందుల వెనుక ఎన్నో దశాబ్దాల అనుభవం వుంది. దీని వెనుక ఇంకా అంత లేదు.

ఇవన్నీ తెలుసుకున్నాక మేనకోడలికి క్షమాపణ చెప్పుకుని, శుద్ధిచేసిన బకుచియోల్ వున్న సీసా తెప్పించాను. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని చదివాను. మొదట చెవి వెనుక ఒక చుక్క. వారం రోజులు ఆగాను. ఏమీ కాలేదు. రెండోవారం ఒక బుగ్గకు, రాత్రిపూట మాత్రమే. మూడోవారం నుంచి ముఖమంతటికీ, రెండు చుక్కలు చాలు. దానితోపాటు పగలు ఎండ నుంచి కాపాడే లేపనం, గొడుగు. బస్సులో కిటికీ సీటు కుర్రవాళ్ళకు వదిలేశాను.

పన్నెండు వారాలయింది. మీరు అడగబోయేది నాకు తెలుసు. మంట లేదు, ఎరుపు లేదు, ఒక్క రోజైనా పొట్టు లేవలేదు. మంగు కొంత పలచబడింది. చర్మం మునుపటి కంటే మెత్తగా వుంది. కళ్ళ చివర గీతలు మాత్రం నవ్వినప్పుడల్లా తమ వునికి చాటుకుంటూనే వున్నాయి. ఆ మంగు తగ్గడం కూడా సీసా వల్లనా, గొడుగు వల్లనా అంటే చెప్పలేను. రెండూ ఒక్కసారే మొదలుపెట్టాను గదా! గొడుగు ఖరీదు సీసాలో నాలుగోవంతు కూడా లేదని మాత్రం చెప్పగలను.

కనుక ప్రయత్నించాలనుకునే అక్కచెల్లెళ్ళు నాలుగు మాటలు గుర్తుంచుకోండి. సీసా మీద బకుచియోల్ అని వుండాలి, బావంచాల నూనె అని కాదు. ముందు చెవి వెనుకో, మోచేతి లోపలో వారం రోజులు చూసుకోండి. ఏ చెట్టు మందైనా ఎవరో ఒకరికి పడకపోవచ్చు, బకుచియోల్‌కు కూడా అరుదుగా దద్దుర్లు వచ్చినవారున్నారు. గర్భిణులు రెటినాల్ జోలికి పోకూడదు. బకుచియోల్ విషయంలో కూడా డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు. ఇక ఏది రాసుకున్నా ఎండకు గొడుగు లేకపోతే చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే.

మరొక్క మాట, ఇది మా ప్రాంతం వాళ్ళకు ముఖ్యంగా. అప్ప కూతురు మా కాలేజీలోనే చదువుతున్నది. నా సీసా చూసి, తన సంచీలోంచి ఒక డబ్బా తీసి చూపింది. తెల్లబడే క్రీమట. ఎవరు చేశారో, ఎందులో చేశారో, ఏమి కలిపారో దాని మీద ఒక్క అక్షరం లేదు. ఇలాటి వాటిలో కొన్నిటిలో పాదరసం వుంటుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో అటువంటి క్రీములు వాడినవారికి మూత్రపిండాలు దెబ్బతిన్నట్టు వైద్యులు కనిపెట్టారు. మరికొన్నిటిలో స్టెరాయిడ్ కలుపుతారు. అది నాలుగు రోజులు మెరిపించి, తరువాత ముఖాన్ని పలచబరిచి, ఎండ సోకితే మండేటట్టు చేస్తుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళలో దీపాలార్పిందో కొత్తగా చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసలో దానికోసమే ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం వెలిశాయి. ఆ జబ్బుకు మూలం ఇదీ అని ఇంకా తేలలేదు, క్రీములతో దానికి ముడిపెట్టడమూ లేదు. కాని మూత్రపిండాల భయంతో బతికే ఊళ్ళో, పేరూ ఊరూ లేని పాదరసం డబ్బా ఎందుకమ్మా కొనుక్కోవడం? ఆ పిల్ల మారు మాటాడకుండా డబ్బా నా చేతిలో పెట్టింది. నా ముంజేతి మచ్చ చూసే నమ్మి వుంటుంది.

పోయినవారం అప్ప మా ఇంటికి వచ్చి, కాసేపు అటూ ఇటూ మాట్లాడి, మెల్లిగా అడిగింది. "పంతులమ్మ గోరూ, మీ మొకం నెమ్మదించినాది. ఆ మందు నా సేతులకి పనికొస్తాదేటి?"

పనికిరాదని చెప్పవలసి వచ్చింది. రోజూ కాలే చేతికి ఏ సీసా ఏం చేస్తుంది? చర్మ డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన పుండ్లకు మందు రాసిచ్చి, "రసం తగలకుండా చూసుకోవడమే అసలు మందు" అన్నారు. తొడుగులు వేసుకోమంటే అప్ప తల అడ్డంగా ఆడించింది. "కేజీకింతని కూలి. తొడుగేసుకుంటే పిక్క సేతికి అందదు. పప్పు ఇరిగితే ఒప్పుకోరు" అన్నది. ఆ మాటకు డాక్టరుగారి దగ్గర మందు లేదు, నా దగ్గర పర్యాయపదమూ లేదు. చివరకు పప్పు తీసే చేయి వదిలేసి, పిక్క పట్టుకునే ఎడమచేతికి మాత్రం పలచని తొడుగు వేసి చూడటానికి ఒప్పుకున్నది. మొదటి రెండు రోజులూ కూలి తగ్గింది. మూడోనాటికి చేయి అలవాటు పడిందట. పక్కన కూర్చునే ఇద్దరు కూడా "మాకూ తెప్పించీ" అన్నారట.

అంగడిలో తొడుగుల ఖరీదు అడిగాను. నా సీసాకు పెట్టిన డబ్బుతో ఎన్ని జతలు వస్తాయో అక్కడే నిలబడి లెక్క వేశాను. లెక్కలు నాకు తెలుగంత బాగా రావు. అయినా వచ్చిన జవాబు చూసి, నా ముఖం రెటినాల్ రాయకుండానే ఎర్రబడింది.